డిపెండెంట్ అంటే తెలుగుల ఏందే?

పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, రాత్రి పదింటికి అక్క ఫోన్ చేసింది. అంత పొద్దుపోయాక చేసిందంటే షాపు మూసి, అన్నం తిని, ఇక పడుకోబోయేముందు మనసులో ఏదో తొలుస్తున్నదన్న మాట. పలకరింపులేమీ లేవు.

“నువు సాహిత్యంల పీహెచ్‌డీ చేసినవు గదనే. డిపెండెంట్ అంటే తెలుగుల ఏందే?”

నవ్వాను. ‘ఆధారపడిన వ్యక్తి’ అన్నాను. అటువైపు కాసేపు మాట లేదు.

“గట్లనే రాసిండు. పూర్తిగా ఆధారపడి జీవించుచున్నాను అని టైపు చేసిండు. కింద నా సంతకం పెట్టాల్నట. నేను ఎవరి మీద ఆధారపడ్డనే?”

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత చాలా రోజులు ఈ ఒక్క మాట చుట్టూ తిరిగాను. నిఘంటువులు తీశాను, పాత కాగితాలు తీశాను, నా సిద్ధాంత గ్రంథాన్నే మళ్లీ చదివాను. బొగ్గుగని కథల్లో స్త్రీ పాత్రల మీద నేను రాసిన ఆ నాలుగు వందల పేజీల్లో ‘భర్తపై ఆధారపడిన స్త్రీ’ అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కపెడదామని మొదలుపెట్టి, ముప్పై దాటాక సిగ్గేసి ఆపేశాను. ఒక్కచోట కూడా ఆ మాటకి అర్థమేమిటని నేను ఆగలేదు. నా గైడు ఆగలేదు. వైవా చేయడానికి వచ్చిన పెద్దమనిషీ ఆగలేదు.

మా బసంత్‌నగర్, గోదావరిఖని, రామగుండం ప్రాంతంలో ‘డిపెండెంట్’ ఇంగ్లీషు మాట కాదు. ‘మస్టరు’, ‘షిఫ్టు’, ‘అన్‌ఫిట్’, ‘క్వార్టరు’ ఎట్లాగో అదీ అట్లాగే. అక్షరమ్ముక్క రాని ముసలమ్మ కూడా “మా పెద్దోనికి డిపెండెంట్ల నౌకరొచ్చింది” అంటుంది. పెళ్లి సంబంధాలప్పుడు “పిలగాడు పర్మినెంటా, బదిలీయా, డిపెండెంట్ పెట్టుకున్నడా?” అని అడుగుతారు. అంటే ఇక్కడ డిపెండెంట్ అనేది మనిషికి విశేషణం కాదు, ఒక ఆస్తి పేరు. భూమి లాంటిది. బాయిల దిగి దిగి మోకాళ్లు అరిగి, ఊపిరితిత్తులు చెడి, తండ్రి డాక్టర్ల బోర్డు ముందు నిలబడి ‘అన్‌ఫిట్’ అనిపించుకుంటే ఆ శరీరానికి బదులుగా ఇంట్లోకి వచ్చే ఒక నౌకరి. అందుకనే పత్రికలు దాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు ఎన్నడూ ‘ఆధారితుల ఉద్యోగాలు’ అని రాయలేదు. ‘వారసత్వ ఉద్యోగాలు’ అని రాశాయి.

ఇక్కడ ఒక క్షణం ఆగుదాం. ఇంగ్లీషులో డిపెండెంట్ అంటే ఒకరిని పట్టుకుని వేలాడే మనిషి. ఆ మాట పుట్టిందే ‘కిందికి వేలాడు’ అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి. వారసుడు అట్లా కాదు. వారసుడంటే రేపటి యజమాని. ఒకటి చేయి చాపే స్థానం, రెండోది హక్కుగా అందుకునే స్థానం. ఈ రెండు మాటలూ పర్యాయపదాలు కావడానికి ఏ నిఘంటువులోనూ వీల్లేదు. కానీ మా దగ్గర అయినాయి. అయితే ఒక షరతు మీద. ఆ మాట కొడుక్కి తగిలితే ‘వారసుడు’ అవుతుంది. భార్యకి, తల్లికి, బిడ్డకి తగిలితే ‘ఆధారపడినది’గానే మిగిలిపోతుంది. మాట ఒకటే, దాని అనువాదం మాత్రం ఆడామగా చూసి మారుతుంది. అనువాద సిద్ధాంతాలన్నీ చదివిన నాకు ఈ సంగతి అక్క ఫోను చేసేదాకా తట్టలేదు.

మా ఇంట్లో కొడుకులు లేరు. అక్కా నేనూ ఇద్దరమే. నాన్న ట్రామర్‌గా చేసేవాడు. బసంత్‌నగర్‌లో ఉండి బస్సులో ఖనికి పోయొచ్చేవాడు. 1998లో నాన్న అన్‌ఫిట్ అయినప్పుడు అక్కకి పంతొమ్మిదేళ్లు, నాకు తొమ్మిది. ఇంటర్ పాసయింది అక్క. ఆ నౌకరి ఎవరికి అన్నది మా ఇంట్లో ఒక పూట కూడా చర్చకు రాలేదు. వచ్చింది ‘ఏ అల్లుడికి’ అన్న చర్చ. మేనత్త కొడుకా, బయటి సంబంధమా అని నెల రోజులు మల్లగుల్లాలు పడి చివరికి బయటి సంబంధమే చూశారు. బావ ఇల్లరికం వచ్చాడు. కట్నం లేదు, నౌకరే కట్నం.

ఈ మధ్య నేను బొగ్గు పరిశ్రమ జాతీయ వేతన ఒప్పందం పుటలు తిరగేశాను. సర్వీసులో చనిపోయిన కార్మికుని డిపెండెంట్ ఎవరో చెప్పే భాగం అందులో 9.3.3. అన్‌ఫిట్ అయినవాళ్ల సంగతి దాని వెంటనే 9.4లో వస్తుంది. ఆ నిర్వచనంలో ముందు వరసలో ఉన్నది భార్య లేదా భర్త, పెళ్లికాని కూతురు, కొడుకు, దత్తపుత్రుడు. వీళ్లెవరూ లేనప్పుడు మాత్రమే తమ్ముడో అన్నో, వితంతువైన కూతురో కోడలో, లేదా కార్మికుడి ఇంట్లోనే ఉంటూ దాదాపు పూర్తిగా అతని సంపాదన మీదే బతికే అల్లుడో. ఈ వాక్యం చదివి నేను చాలాసేపు కదలలేకపోయాను. పెళ్లికాని కూతురు కొడుకుకన్నా ముందే రాసి ఉంది! అంటే 1998లో, పెళ్లినాటి పొద్దున దాకా, మా అక్క మొదటి వరస డిపెండెంటు. పుస్తె పడిన ఘడియలో ఆ వరసలోంచి జారిపోయింది. పుస్తె కట్టిన మనిషి అదే ఘడియలో మా నాన్న సంపాదన మీద ‘దాదాపు పూర్తిగా ఆధారపడిన’ వాడయ్యాడు. అప్పటిదాకా తన తిండి తాను సంపాదించుకున్న ఇరవై అయిదేళ్ల మొగవాడు! కాగితం మీద బావ డిపెండెంట్. ఊళ్లో బావ వారసుడు. అక్కేమో ఆ రోజు నుంచి బావకు డిపెండెంట్, మందుల బుక్కులో ఫోటోతో సహా.

దీనికి ఏ ఆఫీసునూ తప్పుపట్టి తప్పించుకోలేను. కాగితం అక్కకి చోటిచ్చింది. చోటివ్వనిది మా ఇల్లు. అమ్మతో సహా. ఆడపిల్ల తట్టా చెమ్మాస్ పడుతుందా అన్నది అమ్మే. పైన చేసే పనులు కూడా ఉంటాయని, క్యాంటీన్లు, ఆఫీసులు, దీపాల గది ఉంటాయని ఇరవై ఏళ్లు బొగ్గు మనిషితో కాపురం చేసిన అమ్మకు తెలియదా? తెలుసు. మాట ముందే మనసులో ఒక రూపం తీసుకుని ఉంది. డిపెండెంట్ అంటే మొగపిల్లవాడు.

నేను ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నా డిగ్రీ మూడేళ్ల హాస్టలు ఖర్చు బావ జీతంలోంచే వచ్చింది. నాన్న పోయాక పుస్తకాలు కొనిచ్చింది కూడా అతనే. అక్కకి రావాల్సిన నౌకరి మీద నేను చదువుకున్నాను. ఆ చదువుతోనే ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ లెక్కలో నేను డిపెండెంట్‌కి డిపెండెంట్‌ని.

ఇంగ్లీషులో ఈ మాట ఎప్పుడూ ఇట్లా లేదు. నాన్సీ ఫ్రేజర్, లిండా గోర్డన్ కలిసి 1994లో ‘సైన్స్’ (Signs) పత్రికలో ఈ ఒక్క మాట వంశచరిత్ర రాశారు. స్త్రీవాదులు మాటల్ని ఎంత ఓపికగా తవ్వాలో నేర్చుకోవడానికి ఆ వ్యాసం చదివి తీరాలి. వాళ్లు చెప్పేదేమిటంటే, పారిశ్రామిక యుగానికి ముందు డిపెండెన్సీ సిగ్గుపడవలసిన సంగతి కాదు. దాదాపు అందరూ ఎవరో ఒకరి కింద ఉండేవాళ్లే. భూమి ఉన్న కొద్దిమందే స్వతంత్రులు. ముఖ్యంగా కూలికి పనిచేసే మగవాడు కూడా అప్పుడు డిపెండెంటే. తన ఆస్తి మీద కాక ఇంకొకరిచ్చే కూలి మీద బతుకుతున్నాడు కదా! ఫ్యాక్టరీలు వచ్చి, కార్మికులు పోరాడి, కూలికి గౌరవం తెచ్చుకున్నాక ‘స్వతంత్రుడు’ అనే మాటకు అర్థం మారింది. జీతం తెచ్చేవాడు స్వతంత్రుడయ్యాడు. అయితే ఆ స్వతంత్రుడు నిలబడాలంటే ఎదురుగా మరెవరో పరతంత్రులు కావాలి. సత్రాల్లో తిండికి చేయి చాపే పేదలు, వలసల్లోని ప్రజలు, బానిసలు, ఇంటి పని చేసే భార్య. కార్మికుడు గెలుచుకున్న గౌరవంలో అతని భార్య ఓడిపోయినది కొంత ఉంది. ఆ తర్వాత ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో అది ఒక వ్యక్తిగత లోపం, దాదాపు ఒక జబ్బు పేరు అయిపోయింది.

ఆ వ్యాసం చదువుతుంటే నాకు గోదావరిఖని చౌరస్తా కనిపించింది. బొగ్గుగనుల్లో మొదట ఆడవాళ్లు దిగారు. మగవాడు తవ్వితే ఆడది మోసింది. బ్రిటిష్ ఇండియాలో 1929 నిబంధనలతో ఆడవాళ్లను భూగర్భంలోంచి మెల్లమెల్లగా తప్పించి 1939కల్లా పూర్తిగా ఆపేశారు. యుద్ధం వచ్చి బొగ్గు కావలసి వస్తే 1943లో మళ్లీ దించారు. అవసరం తీరాక 1946లో మళ్లీ పైకి పంపారు. 1952 గనుల చట్టం 46వ సెక్షను ఆ నిషేధాన్ని దేశమంతటికీ ఖాయం చేసింది. అది రక్షణేనని అన్నారు, అందులో నిజమూ ఉంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లు తట్టలు మోసిన చరిత్రని మనం ముద్దుచేయలేం. కానీ రక్షణ పేరుతో పైకి వచ్చిన ఆడదానికి పైన ఏం దొరికింది? జీతం పోయింది, పేరు మారింది. నిన్నటిదాకా ‘కూలి’, ఇవాళ ‘కూలివాని డిపెండెంటు’. 2019లో నిబంధనలు సడలించి సాంకేతిక, పర్యవేక్షణ పనులకు భూగర్భంలోకి ఆడవాళ్లను అనుమతించారు. 2021లో జార్ఖండ్‌లోని చురి గనిలో ఆకాంక్షా కుమారి మైనింగ్ ఇంజనీరుగా దిగినప్పుడు పత్రికలన్నీ ఫోటోలు వేశాయి. సంతోషమే. అయితే ఆ శీర్షికలు చదివినవాళ్లకి ఆడవాళ్లు బొగ్గుబాయిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి అనిపిస్తుంది. ఇంజనీరుగా దిగడమే మొదటిసారి. మనిషిగా దిగడం కాదు.

లెక్కల పుస్తకాల సంగతి కూడా ఇంతే. నాన్సీ ఫోల్బర్ 1991లో చూపించింది. ఇంగ్లండు 1851 జనగణన ఇంటి పని చేసే భార్యలకూ తల్లులకూ ఒక తరగతి ఇచ్చింది. 1881కి వాళ్లను ‘వృత్తి లేని’ వాళ్లలోకి తోసేసింది. మన 2001 జనగణన ఇంటి పని చేసే ఆడవాళ్లను పని చేయని వాళ్ల పద్దులో, బిచ్చగాళ్లూ ఖైదీలూ ఉన్న చోటనే లెక్కవేసిందని 2010లో సుప్రీంకోర్టు అరుణ్ కుమార్ అగ్రవాల్ కేసులో తప్పుపట్టింది. ఆ కేసు ఒక గృహిణి రోడ్డు ప్రమాదంలో పోతే ఆమె ప్రాణానికి ఎంత వెల కట్టాలన్నది. చనిపోతేనే ఆమె పనికి లెక్క దొరికింది.

ఇక మన తెలుగు మాటలకు వస్తాను. అక్క అడిగింది ఇంగ్లీషు చరిత్ర కాదు కదా.

‘ఆధారపడు.’ ఇందులో ‘పడు’ చూడండి. భయపడు, బాధపడు, కష్టపడు. మనకి జరిగేవన్నీ పడటాలే. కష్టపడేదీ ఆధారపడేదీ ఒకే మనిషి అయితే ఆ రెండు ‘పడు’లలో ఏది ఆమె పేరవుతుంది? మా అమ్మ రెండు బర్రెల్ని సాకి, సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఇంటింటికీ పాలు పోసేది. నాన్న ఫస్ట్ షిఫ్టుకి పోవాలంటే చీకట్లోనే లేచి డబ్బా కట్టేది. నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే కిటికీకి గొంగడి కట్టి, మమ్మల్ని వాకిట్లోకి తోలి, కాకిని కూడా అరవనిచ్చేది కాదు. బాయి బట్టలు ఉతకడం ఒక్కటే ఒక మనిషి పని. నాన్నకు తన అంగీ ఏ దండెం మీద ఉందో తెలిసేది కాదు. ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు? సమ్మె రోజుల్లో జీతం రాకపోతే ఇల్లు నడిచింది పాల పైసలతోనే. అయినా అమ్మ ఆ పైసల్ని ‘ఉప్పు పప్పు పైసలు’ అనేది. నాన్నది ‘సంపాదన’.

‘పోషణ’ ఇంకా తమాషా మాట. పోషించడమంటే తిండిపెట్టి పెంచడం. తిండి వండేది, పెట్టేది, బిడ్డకు పాలిచ్చేది ఆడది. కానీ ‘కుటుంబ పోషకుడు’ మగవాడు. తెలుగులో ఇంతకన్నా పెద్ద మాటల దొంగతనం నాకు కనిపించలేదు.

‘ఆశ్రితుడు’ దగ్గర సాహిత్యం చదివిన నేను తల దించుకోవాలి. మన సాహిత్య చరిత్ర సగం రాజాశ్రయం కథే. ఫలానా కవి ఫలానా రాజు ఆశ్రితుడు అని గర్వంగా పాఠం చెబుతాం. పల్లకీలు, అగ్రహారాలు, గండపెండేరాలు. ఆ కవి సొంతంగా సంపాదించలేదని, రాజు మీద పడి బతికాడని ఎవరూ అనరు. ఎందుకంటే అతను బదులుగా పద్యం ఇచ్చాడు. మరి అన్నం ఇచ్చినామె? ఆశ్రితుడు మగవాడైతే ఆస్థానం, ఆడదైతే వంటిల్లు. ఈ మాట ఈ కాలంలో పత్రికల్లో ‘ఆశ్రిత పక్షపాతం’గా మిగిలింది, అక్కడా లాభపడేవాడు ఎక్కువగా మగవాడే.

‘పరాధీన’, ‘అస్వతంత్ర’ శాస్త్రాలవాళ్ల మాటలు. వాటి సంగతి మనవాళ్లు చాలామంది రాశారు, నేను మళ్లీ రాయను.

మా ఊళ్లో ఆడవాళ్లు తమ గురించి తాము ఈ మాటలేవీ వాడరు. వాళ్ల మాటలు వేరు. అండ, ఆసరా, దిక్కు, నీడ. “ఆమెకు ఆయనే దిక్కు” అంటారు, “ఆయనకు ఆమెనే దిక్కు” అని కూడా అంటారు. ‘దిక్కు’కు లింగం లేదు, పైచేయి కిందిచేయి లేదు. 2014లో తెలంగాణ ప్రభుత్వం పింఛనుకి ‘ఆసరా’ అని పేరు పెట్టినప్పుడు ఆ మాట ఎంచుకున్నవాళ్లకి చెవి ఉందనిపించింది. 2017లో ఒంటరి మహిళలకు కూడా దాన్ని వర్తింపజేశారు. అయితే కాగితంలోకి ఎక్కగానే ఆ మాటా కొంత రంగు మారింది. మా పక్కింటి పెద్దమ్మ “నాకు ఆసరా వస్తది” అంటే ఇప్పుడు అర్థం మనిషి కాదు, బ్యాంకులో పడే డబ్బు.

అమ్మని అడిగాను, నాన్నా నువ్వూ ఎవరి మీద ఎవరు బతికారని. ప్రశ్నే వింతగా తోచింది ఆమెకు. “ఒకల మీద ఒకలం బతికినం బిడ్డా. ఇంకెట్ల బతుకుతరు?” అన్నది. డిపెండెంట్‌కి నేను విన్న అన్నింటిలోకీ మంచి తెలుగు ఇది. కానీ ఏ దరఖాస్తు ఫారంలోనూ ఇది పట్టదు. ఫారంలో గీత ఒకవైపుకే ఉంటుంది.

ఇదంతా బొగ్గు బాయిల సంగతి, చదువుకున్న ఆడవాళ్లకి ఏం సంబంధం అనుకునే మిత్రులుంటే, నాతో ఎమ్మే చదివిన స్నేహితురాలి గురించి చెబుతాను. న్యూజెర్సీలో ఉంటుంది. హెచ్-4 వీసా మీద వెళ్లింది. మన ఇళ్లల్లో దాన్ని అందరూ పిలిచే పేరు ‘డిపెండెంట్ వీసా’. వెళ్లే ముందు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పేది. అక్కడ ఏళ్ల తరబడి తన పేరు మీద బ్యాంకు ఖాతా తెరవాలన్నా భర్త కాగితాలే చూపించాల్సి వచ్చిందని చెప్పింది. 2015లో అమెరికా ప్రభుత్వం హెచ్-4 వాళ్లలో కొందరికి పనిచేసే అనుమతి ఇచ్చింది. అందరికీ కాదు, భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటిన వాళ్లకే. అంటే ఆమె స్వాతంత్ర్యం కూడా అతని కాగితం మీద ఆధారపడినదే! ఇట్లాంటి కుటుంబాల మీద పల్లవి బెనర్జీ 2022లో ఒక పుస్తకమే రాసింది. అమీర్‌పేటలో కోర్సు నేర్చుకున్న అబ్బాయికి పెళ్లిచూపుల్లో ‘హెచ్-1’ ఎంత విలువో, మా దగ్గర ‘డిపెండెంట్ పెట్టుకున్నడు’ అన్నదీ అంతే విలువ. రెండు చోట్లా నౌకరి మగవాడికి, ఆ మాట ఆడదానికి.

2016 చివర సింగరేణిలో వారసత్వ ఉద్యోగాలు మళ్లీ ఇస్తామన్న ప్రకటన వచ్చినప్పుడు కోల్‌బెల్టంతా పటాకులు కాల్చారు. కొడుకు, అల్లుడు, తమ్ముడు అర్హులన్నారు. ఆ మూడు మాటల్లో నేను వెతికింది నాలుగో మాట. అల్లుడు ఉన్నాడు, అల్లుడు ఎవరివల్ల అల్లుడయ్యాడో ఆమె లేదు. 2017 మార్చిలో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. ఉద్యోగం వారసత్వంగా సంక్రమించేది కాదని, రాజ్యాంగం ఇచ్చిన సమానావకాశానికి అది విరుద్ధమని. నేను ఆ వాదనను కాదనలేను. బాయికి భూమి పోగొట్టుకుని, ఇంట్లో కార్మికుడు లేని కుటుంబపు పిల్లవాడి వైపు నుంచి చూస్తే కోర్టు చెప్పింది న్యాయమే. కానీ నలభై ఏళ్లకే వంగిపోయిన నాన్న నడుము గుర్తొస్తే, ఆ శరీరానికి ఈ దేశం ఇచ్చిన పరిహారం అదొక్కటే కదా అనిపిస్తుంది. రెండూ నిజమే. 2018 నుంచి అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు ఇచ్చేవాటికి ‘కారుణ్య నియామకాలు’ అన్న పేరు స్థిరపడింది. వారసత్వం పోయి కారుణ్యం వచ్చింది. హక్కుగా వినిపించిన మాట దయగా మారగానే, విచిత్రంగా, ఆడపిల్లలకూ కొంచెం తలుపు తెరుచుకుంది. హక్కు అయితే మగవాడిది, దయ అయితే ఆడదానికీ దొరుకుతుందన్న మాట. పెళ్లయిన కూతురిని డిపెండెంట్ కాదనడం రాజ్యాంగ విరుద్ధమని 2016లోనే ఛత్తీస్‌గఢ్ హైకోర్టు ఒక బొగ్గు కార్మికుని కూతురి కేసులో చెప్పింది. ఆ తీర్పు మా అక్క పెళ్లికి పద్దెనిమిదేళ్ల తర్వాత వచ్చింది.

అక్క సంగతికి వస్తాను. బావా అక్కా విడిగా ఉండబట్టి పదిహేడేళ్లయింది. ఎందుకన్నది అక్కది, నేను రాయను. బావ ఖనిలో క్వార్టర్లో ఉంటాడు. అక్క బసంత్‌నగర్‌లో అమ్మ ఇంట్లోనే కుట్టు మిషన్ పెట్టుకుంది, తర్వాత రోడ్డు మీద షట్టరు అద్దెకు తీసుకుంది. జాకెట్లు, స్కూలు యూనిఫారాలు. ఇప్పుడు ఇద్దరు అమ్మాయిలు ఆమె దగ్గర పనిచేస్తున్నారు. ఇద్దరు పిల్లల్నీ పెంచింది. విడాకులు తీసుకోలేదు. ఇప్పుడు బావ అన్‌ఫిట్‌కి పెట్టుకున్నాడు. నౌకరి కొడుక్కి. దానికి ఇంట్లోవాళ్లందరూ అభ్యంతరం లేదని స్టాంపు కాగితం మీద రాసివ్వాలి. కోర్టు దగ్గర టైపు చేసేటాయన ఎప్పటిదో ఒక నమూనా తీసి అందరికీ అదే కొడతాడు. అందులోది ఆ వాక్యం. ‘నేను పై వారి సంపాదనపై పూర్తిగా ఆధారపడి జీవించుచున్నాను.’

పండక్కి వెళ్లినప్పుడు నేనూ అక్కా మిషను పక్కన కూర్చుని ఆ వాక్యాన్ని మార్చి రాశాం. ‘పూర్తిగా’ కొట్టేశాం. అప్పటికీ అబద్ధమే. ‘నేను కుట్టుపని చేసుకొని బ్రతుకుచున్నాను’ అని రాశాం. టైపాయన చూసి, “గిట్ల రాస్తె ఆఫీసుల తీసుకోరమ్మా, డిపెండెంట్ గాకుంటె నీ సంతకం ఎందుకు?” అన్నాడు. అతని మాటలో తర్కం ఉంది. డిపెండెంటుగా తప్ప ఆ కాగితం మీద ఆమె లేనే లేదు. ఒప్పుకుంటేనే కాదనే హక్కు.

ఇక్కడే ఇంకో చిక్కు వచ్చింది. అక్క బిడ్డకు ఇరవై నాలుగేళ్లు, పాలిటెక్నిక్ డిప్లొమా చేసింది. పెళ్లికాలేదు. మేము కాగితం ముందేసుకుని కూర్చుంటే చాలాసేపు విని, “పెళ్లికాని బిడ్డ పేరు గూడ పెట్టొచ్చు గదా పిన్నీ, నన్నెందుకు అడగలేదు నాన్న?” అన్నది. తమ్ముడు తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు. వాడు మంచి పిల్లవాడు, డిగ్రీ మధ్యలో ఆపేశాడు, హైదరాబాదులో డెలివరీ పనికి వెళ్లి వచ్చాడు, వాడికీ నౌకరి కావాలి. అమ్మ మూలన మంచం మీంచి “ఆడపిల్లకు రేపు పెండ్లయితే నౌకరి అటే పాయె” అన్నది. 1998లో అన్న మాటే. మా పిల్ల అమ్మమ్మ వైపు తిరిగి, “అమ్మకు పెండ్లయినా అమ్మ ఇక్కడనే ఉన్నది గద అమ్మమ్మా, పోయింది నాన్న,” అన్నది. దానికి ఎవరం ఏమీ అనలేకపోయాం.

నిజానికి నాకూ నోరు పెగల్లేదు. తమ్ముడి నౌకరి తీసి అక్కకి ఇవ్వమని ఏ మొహంతో చెప్పను? చెప్పకుండా ఏ మొహంతో ఉండను? ఆ పూట నాకు తెలిసిన సిద్ధాంతాలేవీ ఆ గదిలో పనికి రాలేదు.

అక్క ఆ రాత్రి కాగితం మడిచి మిషను సొరుగులో, దారపు ఉండల కింద పెట్టింది. బావకి ఫోను చేసి, పిల్ల పేరు గురించి ముందు కూర్చుని మాట్లాడితేనే సంతకమని చెప్పింది. అతను అరిచాడు. పెద్దమనుషుల్ని పంపుతానన్నాడు. “పంపు. 98ల నన్నొక్కలు అడగలె. ఇప్పుడు నా సంతకం కావాలె గదా,” అని పెట్టేసింది.

మొన్న మళ్లీ ఫోను చేశాను. పెద్దమనుషులు రెండుసార్లు వచ్చి పోయారట. డాక్టర్ల బోర్డు తేదీ ఇంకా రాలేదట. యూనిఫారాల ఆర్డరు వచ్చిందని, రాత్రి పన్నెండింటి దాకా కుడుతున్నామని, పిల్ల కూడా కాజాలు కుడుతున్నదని చెప్పింది. కాగితం ఎక్కడుందని అడిగాను. సొరుగులోనే ఉందట.